టిక్కు పెట్టిన చోట

జూలై 2

మెషిన్ వచ్చింది.

మళ్ళీ రాస్తాను, రాస్తుంటే బాగుంది. వాషింగ్ మెషిన్ వచ్చింది. మా ఇంటికి. నా జీతంతో. ఎనిమిది నెలలు బస్సెక్కకుండా ఆఫీసుకు నడిచిన నా కాళ్ళను ఈ సాయంత్రం కుర్చీ మీద చాపి కాసేపు మెచ్చుకోలుగా చూసుకున్నాను.

ఇద్దరు మనుషులు మూడంతస్తులూ మోసుకొచ్చి వెనక వరండాలో కుళాయి పక్కన దించారు. నానమ్మ మంచం మీంచి సరిగ్గా కనిపిస్తుంది. "ఇంత ఉందేంటే! దీంట్లో దుప్పట్లు ఉతుకుతారా, నన్ను ఉతుకుతారా?" అంది. పోయిన అక్టోబరులో తుంటి విరిగి మంచాన పడ్డాక నానమ్మకు నడుము కదలదు. ఆ కదలికంతా నోట్లోకి వచ్చి చేరింది.

రోజుకు రెండు పక్కదుప్పట్లు, ఒక్కోరోజు మూడు. పిండీ పిండీ అమ్మ కుడి మణికట్టు నిమ్మకాయంత వాచింది. పిండడం పూర్తిగా మానేయాలి, లేకపోతే కోత తప్పదు అన్నారు డాక్టరు. అమ్మ బుద్ధిగా తల ఊపి ఇంటికొచ్చి, కట్టు విప్పి, రెండు దుప్పట్లు పిండింది. నేను పిండితే అవి రాత్రంతా కారుతూనే ఉంటాయి. అమ్మ లేచి మళ్ళీ పిండుతుంది. ఇంత చదువుకున్నాను గాని దుప్పటి పిండడం రాదు. నాన్న లారీ మీద ఉన్నారు, వచ్చే నెలగ్గాని రారు. అందుకే మెషిన్.

తెచ్చినాయన కాగితం చాపాడు. ఇన్‌స్టలేషన్‌కి రేపు మెకానిక్ వస్తాడట, ఇది ఊరికే అందినట్టు. అడుగున పెన్సిల్‌తో చిన్న టిక్కు పెట్టాడు. "ఇక్కడ మేడమ్."

అమ్మ చేయి తుడుచుకుంటూ వచ్చి, "ఆగండి నాయనా, కింద దర్జీని పిలుస్తాను, ఒకసారి చదివిద్దాం" అంది.

తల కొట్టేసినట్టయింది. అమ్మకు చదువు రాదు. ఏ కాగితమైనా ఇద్దరితో, విడివిడిగా, ఒకరు చదివింది ఇంకొకరు వినకుండా చదివించుకుంటుంది. రెండూ కలిస్తేనే వేలిముద్ర వేస్తుంది. "ఒకరు చదివితే అది వాళ్ళ మాట. ఇద్దరు చదివితే అది కాగితం మాట" అంటుంది. నేను ఈ ఇంట్లో మొదటి చదువరిని, డిగ్రీ ఉంది, రిజిస్ట్రేషన్ ఆఫీసులో కౌంటర్ ఉద్యోగం ఉంది. నాకు కూడా దర్జీ బాబాయే దిక్కా?

"నేనున్నానుగా అమ్మా" అన్నాను. సంతకం పెట్టాను. చాలా బాగా వచ్చింది. చివర తోక రెండు మెలికలు తిరిగింది.

జూలై 3

మెకానిక్ రాలేదు. వాన.

జూలై 4

రాలేదు. మెషిన్ మీద పాత చీర కప్పాం. దాని పక్కనే కూర్చుని అమ్మ దుప్పట్లు ఉతికింది. పెళ్ళిచూపులకు వచ్చిన వాడిలా అది కదలకుండా, మాట్లాడకుండా చూస్తూ ఉంది.

మాన్యువల్ మొత్తం చదివాను, అరవై నాలుగు పేజీలు. బొమ్మలు వదిలేశాను, అవి చదువు రానివాళ్ళ కోసం. అమ్మ మాత్రం బొమ్మలన్నీ వరసగా తిరగేసి, "వెనక ఈ నాలుగు మేకులూ తీసేస్తున్నట్టుందే ఇందులో. మనదానికి ఉన్నాయేం?" అంది.

"అవి దాని నిర్మాణం అమ్మా. ముట్టుకోకు."

నిర్మాణం అన్నాను. ఆ మాట ఎందుకు వాడానో నాకే తెలియదు.

జూలై 5

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. మీ కాల్ మాకెంతో ముఖ్యం అని ఒక ఆడగొంతు చెప్పింది. ఆ ముఖ్యం నలభై నిమిషాలు సాగింది. మధ్యలో వేణువు. చివరికి ఒకబ్బాయి ఎత్తాడు.

"చెప్పండి మేడమ్, మీకు ఏ విధంగా సాయపడగలను?"

"మెషిన్ దించి మూడు రోజులైంది. ఇన్‌స్టలేషన్‌కి ఎవరూ రాలేదు."

కీబోర్డు టకటకా కొట్టాడు. "మేడమ్, మీ ఇన్‌స్టలేషన్ రెండో తారీఖునే పూర్తయింది."

"ఎక్కడ పూర్తయింది?"

"మీ ఇంట్లో మేడమ్."

"నేను ఇంట్లోంచే మాట్లాడుతున్నాను. పైపు ఇంకా ప్లాస్టిక్ కవర్లోనే ఉంది."

"సిస్టమ్‌లో పూర్తయినట్టుంది మేడమ్. డెమో కూడా ఇచ్చారు. మీరు సంతృప్తి చెందారు."

"నేనా?"

"అవును మేడమ్. సంతకం చేశారు. ఇంకేమైనా సహాయం కావాలా?"

ఇంకేమైనా అన్నాడు. అంటే మొదటిది అయిపోయినట్టే.

నానమ్మ మంచం మీంచి, "ఏమంటున్నాడే ఆఫీసరమ్మా?" అని అడిగింది. కంపెనీలో ఏదో పొరపాటు జరిగింది నానమ్మా అన్నాను.

పొరపాటు కంపెనీలోనే జరిగి ఉంటుంది.

జూలై 6

మెషిన్ కాగితం కాపీ నా సర్టిఫికెట్ల ఫైలులో ఉంది. చూశాను. దాని సంగతి ఇక్కడ రాయను.

జూలై 7

రాయను అన్నాను కదా.

జూలై 8

సరే, రాస్తాను. ఎవరు చూడొచ్చారు.

కాగితం మీద నాలుగు లైన్లు. పైన ఇంగ్లీషులో, కింద తెలుగులో. తప్పించుకోవడానికి వీల్లేకుండా రెండు భాషల్లోనూ ఉన్నాయి. "పై యంత్రాన్ని అమర్చి, నడిపి చూపి, వాడకం వివరించారు. నేను సంతృప్తి చెందాను." కింద పెన్సిల్ టిక్కు. టిక్కు మీద నా సంతకం, రెండు మెలికల తోకతో సహా.

ఆ టిక్కు వల్లే ఇదంతా. ఆఫీసులో నేను రోజుకు అరవై మందికి అదే టిక్కు పెడతాను. అవతలి మనిషి కళ్ళు కాగితమంతా తిరక్కుండా నేరుగా అక్కడికే వెళతాయి. లైను త్వరగా కదులుతుంది. ఈ కిటుకు మా ఆఫీసులో నాకంటే బాగా ఎవరికీ రాదని సూపరింటెండెంట్ గారు ఒకసారి అందరి ముందూ మెచ్చుకున్నారు. టిక్కు కనబడగానే నా చేయి దానంతటదే వెళ్ళింది. వృత్తి ధర్మం.

అమ్మకు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేకుండానే పరిష్కరిస్తాను. ఇంగ్లీషులో రెండు పేజీల ఈమెయిల్ పంపాను. అందులో "తీవ్ర మనోవ్యధ" అన్న ముక్కకు సరైన మాట కోసం నిఘంటువు తీశాను.

జూలై 9

ఈమెయిల్‌కి జవాబు నిన్ననే వచ్చింది, రెండు సెకన్లలో. మీ సందేశం అందింది అని. నా మనోవ్యధను ఒక యంత్రం అందుకుంది, ఇంకో యంత్రం గురించి.

అమ్మ ఈరోజు మూడు దుప్పట్లు పిండింది. వానకు ఏదీ ఆరడంలేదు. ఇల్లంతా తెరలు కట్టినట్టుంది. ఒకదాని వెనక నుంచి అమ్మ, "ఏమైనా చెప్పారా వాళ్ళు?" అంది. పైవాళ్ళకు పంపించారట అన్నాను. ఆ పైవాళ్ళెవరో నాకూ తెలియదు.

జూలై 11

షోరూమ్‌కి వెళ్ళాను. అమ్మిన రోజున నాకు కూల్‌డ్రింక్ ఇచ్చి, "మేడమ్ టేస్టే వేరు" అన్న సేల్స్ అబ్బాయి నన్ను చూసి ఒక ఫ్రిజ్ వెనక్కి వెళ్ళాడు. ఫ్రిజ్‌కు అటువైపు నేను నిలబడ్డాను. బయటికి రాక తప్పలేదు.

"మేడమ్, అమ్మడం వరకే మేం. ఆ తర్వాత కంపెనీ."

"కంపెనీ మిమ్మల్ని అడగమంది."

"అలాగే అంటారు మేడమ్. మీరు గట్టిగా అడగండి."

"ఎవరిని?"

"కంపెనీని."

ఇంగ్లీషులో గట్టిగా అడగడం మొదలుపెట్టాను. మూడో వాక్యంలో క్రియ దొరకలేదు. ఆగాను. అతను జాలిపడి కూల్‌డ్రింక్ తెమ్మంటారా అన్నాడు. తాగాను. ఎండలో నడిచి వెళ్ళాను, దాహంగా ఉంది. నా పౌరుషం కూడా ఆ సీసాతోనే అడుగంటింది.

ఇంటికొచ్చి, "చాలా మర్యాదగా మాట్లాడారమ్మా" అని చెప్పాను. అదొక్కటి అబద్ధం కాదు.

జూలై 13

ఆదివారం. మెషిన్ నేనే నడిపాను.

మాన్యువల్ ప్రకారం పైపు కుళాయికి బిగించాను. ఇంకో పైపు తూములో పెట్టాను. రెండు దుప్పట్లు వేశాను. బటన్ నొక్కాను. నీళ్ళు వచ్చాయి. తొట్టి ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరిగింది. అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని చూసింది. అప్పుడు నా ముఖం ఎలా ఉందో నాకు తెలుసు. సంతకం పెట్టిన రోజున కూడా అలాగే ఉండి ఉంటుంది.

తర్వాత అది వడి అందుకుంది.

మొదట లారీ స్టార్టయినట్టు మోత. ఆ తర్వాత అది నడవడం మొదలుపెట్టింది. నడవడం అంటే నిజంగా నడవడం. కుడి కాలు, ఎడమ కాలు. కుళాయి పైపు ఊడి వరండా అంతా నీళ్ళు చిమ్మింది. నేను దాన్ని రెండు చేతులా వాటేసుకున్నాను. నన్ను కూడా తీసుకుని గుమ్మం వైపు బయల్దేరింది.

"కోడలా! అది నా దగ్గరికే వస్తోందే! ఆపండే, నేనింకా పోవడానికి ఒప్పుకోలేదే!" అని నానమ్మ కేకలు.

అమ్మ తడబడకుండా వెళ్ళి గోడకున్న ప్లగ్గు పీకింది. మెషిన్ గుమ్మం మధ్యలో ఆగింది. నేను ఇంకా దాన్ని పట్టుకునే ఉన్నాను.

కింద నుంచి దర్జీ బాబాయ్ పరిగెత్తుకొచ్చాడు, మెళ్ళో టేపు, పెదాల మధ్య గుండుసూదులు. "ఇల్లు కూలుతోందేమో అనుకున్నా వదినా!" అన్నాడు సూదుల సందులోంచి.

మెషిన్ లోపలి దుప్పట్లు సగం సబ్బుతో బయటికి తీశాం. అమ్మ వాటిని పిండింది.

జూలై 14

పైపు చీలిపోయింది. అమ్మ దాన్ని చుట్టచుట్టి మెషిన్ పక్కన పెట్టింది. తిట్టినా బాగుండేది.

జూలై 16

ఆఫీసులో ఒక ముసలాయన. తమ్ముడికి వాటా రాసిచ్చే కాగితం. కళ్ళజోడు తెచ్చుకోలేదట. నేను టిక్కు పెట్టేశాను. ఆయన, "ఏముందమ్మా ఇందులో?" అన్నాడు.

"మామూలేనండి. ఇక్కడ పెట్టండి" అన్నాను.

ఆయన వెంటనే పెట్టేశాడు. ఆయన సంతకానికి కూడా తోక ఉంది, ఒకే మెలిక.

అందులో ఏముందో నాకూ తెలియదు. నేనూ చదవలేదు. ఆ ఒక్కటే ఎందుకో మధ్యాహ్నం అన్నం తింటుంటే గుర్తొచ్చింది. వెనక్కి వెళ్ళి చదివాను. ఆయన చెప్పిన మాటే ఉంది, తేడా లేదు. గండం గడిచినట్టు నిట్టూర్చాను. గండం ఎవరిదో మాత్రం ఆలోచించలేదు.

జూలై 18

అమ్మను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. బొటనవేలు వంగడంలేదు.

డాక్టరు వేలు పట్టుకుని చూసి, "ఇంకా పిండుతున్నావా అమ్మా?" అని అడిగారు. అమ్మ నా వైపు చూసింది. నేను గోడ మీది కేలెండర్ చూశాను. ఇలాగే ఇంకో రెండు వారాలు సాగితే కోయాల్సిందే, కోసినా మునుపటి పట్టు రాదు అన్నారు.

"మెషిన్ కొన్నాం డాక్టరుగారూ. మా అమ్మాయే కొంది" అంది అమ్మ.

"మరి?"

"సిస్టమ్‌లో తిరుగుతోంది" అంది.

నేను ఇంట్లో చెప్పిన మాటే అది. డాక్టరు నవ్వారు. నేనూ నవ్వాల్సి వచ్చింది. దార్లో చెప్పేద్దామనుకున్నాను. బస్సులో గోలగా ఉంది. ఇంట్లో నానమ్మ ఉంది. మెట్ల మీద ఆయాసంగా ఉంది.

ఈరోజు దుప్పట్లు నేనే పిండాను. రెండూ ఇప్పటికీ కారుతున్నాయి. అమ్మను లేవనివ్వలేదు. బకెట్ పెట్టాను.

జూలై 19

పొద్దున్నే అమ్మ చీర మార్చుకుని, చెప్పులు తొడుక్కుని నిలబడింది. "షోరూమ్‌కి పోదాం పద" అంది.

"అమ్మా, అక్కడ మాట్లాడాలంటే..."

"నువ్వు దారి చూపించు చాలు."

సేల్స్ అబ్బాయి ఈసారి ఫ్రిజ్ వెనక్కి వెళ్ళేలోపే అమ్మ వెళ్ళి అతని పక్కన నిలబడింది. "నాయనా, మీ పెద్దాయన్ని పిలువు. నేను కూర్చుంటాను" అని సోఫాలో కూర్చుంది. ఆ సోఫా టీవీలు కొనేవాళ్ళ కోసం వేసింది. మేనేజర్ వచ్చాడు. కంప్యూటర్ మా వైపు తిప్పాడు. తెర మీద నా కాగితం, నా సంతకం, పది రెట్లు పెద్దదిగా. ఆ తోక తెర అంచు దాకా ఉంది.

"చూడండమ్మా. ఇది ఎవరి సంతకం?"

నాకు నేల విచ్చుకుంటే బాగుండుననిపించింది. గ్రానైటు, విచ్చుకోలేదు.

"మా అమ్మాయిదే. చిన్నప్పుడు మా ఇంటి గోడలన్నిటి మీదా రాసింది, నాకు తెలియకపోవడమేంటి?" అంది అమ్మ. "సంతకం నిజమే నాయనా. నేను వేరే మాట అడుగుతాను, చెప్పు. మెషిన్ బిగించారంటావా?"

"బిగించినట్టే ఉందమ్మా రికార్డులో."

"అయితే మీరు బిగించింది నడిచి మా అత్తగారి మంచం దాకా వచ్చింది. వచ్చి బాగుచేయండి. బిగించలేదంటావా? అయితే వచ్చి బిగించండి. ఎటైనా మనిషి రావాల్సిందేగా. ఆ మనిషి ఏ పేరుతో వస్తాడో మీరూ మీరూ తేల్చుకోండి. నేను ఇక్కడే ఉంటాను. మా అమ్మాయికి ఆఫీసు టైమైంది, అది వెళుతుంది."

టీవీ చూడ్డానికొచ్చిన ఒక కుటుంబం మమ్మల్ని చూస్తోంది. వాళ్ళ పిల్లాడు, "నడిచిందా?" అని ఆసక్తిగా అడిగాడు. అమ్మ వాడికి మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. నానమ్మ కేకల దగ్గరికి వచ్చేసరికి మేనేజర్ ఫోనందుకున్నాడు.

పదిహేడు రోజులు, ఇరవై రెండు కాల్స్, నాలుగు ఈమెయిళ్ళు, ఒక నిఘంటువు. అమ్మకు పావుగంట పట్టింది.

జూలై 21

ఈరోజు సెలవు పెట్టాను. మెకానిక్ వచ్చాడు.

మనిషి మంచివాడే. మెషిన్ వెనక్కి వంగి చూసి, "రవాణా బోల్టులు తీయలేదేంటి మేడమ్? లారీలో తొట్టి ఊగకుండా వేస్తారు, ఇవి ఉండగా తిప్పితే మెషినే కదుల్తుంది" అన్నాడు. పానా తీసి నాలుగు బోల్టులూ విప్పాడు. పది నిమిషాలు కూడా పట్టలేదు. అమ్మ నా వైపు చూడలేదు. చూడనక్కర్లేదు. బొమ్మల పేజీ తెరిచి మెషిన్ మీద పెట్టింది, అంతే.

కొత్త పైపు వేశాడు. దుప్పట్లు వేసి నడిపాడు. వడి అందుకుంది, మోగింది, కాని ఉన్నచోటే ఉంది. నానమ్మ మంచం మీంచి, "బుద్ధొచ్చింది దీనికి" అంది.

తర్వాత కాగితం తీశాడు. చెవి మీంచి పెన్సిల్ తీసి అడుగున టిక్కు పెట్టాడు.

ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కాని రాస్తాను. నా చేయి పెన్ను కోసం వెళ్ళింది. ఇంత జరిగాక కూడా.

"ఆగు" అంది అమ్మ. "ఏముందో చదువు నాయనా, వింటాను."

అతను గబగబా చదివాడు. బోల్టులు తొలగించడమైనది, పైపు మార్చడమైనది, యంత్రం సక్రమంగా నడుస్తున్నది. నేను కూడా పక్క నుంచి చూస్తూనే ఉన్నాను. చూస్తూనే ఉన్నాననుకున్నాను. నా కళ్ళు టిక్కు మీద ఉన్నాయి.

అమ్మ వరండా గోడ మీంచి వంగి, "మరిదీ! ఒకసారి పైకి రా" అని పిలిచింది.

"ఎందుకమ్మా, మీ అమ్మాయి చదువుకుందిగా" అన్నాడు మెకానిక్.

"చదువుకుంది. అది ఇందాక విన్నది. వినని మనిషి కావాలి."

దర్జీ బాబాయ్ వచ్చాడు. కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఆయన ఐదో తరగతి దాకా చదివాడు. అక్షరం అక్షరం వేలు పెట్టి కుట్టు వేసినట్టు చదువుతాడు. దేన్నీ వదిలే వేగం ఆయనకు లేదు. "బోల్టు...లు తొల...గించ...డమైనది." మెకానిక్ గడియారం చూసుకున్నాడు. "పైపు మార్...చడమైనది. వినియోగ...దారు సొంతం...గా నడిపి...నందున మున్ముందు తొట్టి...కి కలిగే లోపాల...కు వారంటీ వర్తిం...చదు. యంత్రం సక్ర...మంగా..."

"అక్కడాగు" అంది అమ్మ. "మధ్యది మళ్ళీ చదువు."

బాబాయ్ మళ్ళీ చదివాడు.

అమ్మ మెకానిక్ వైపు తిరిగింది. "నువ్వు చదివినప్పుడు ఇది లేదే."

"అది అందరికీ వేసే లైనే అమ్మా."

"అందరికీ వేసేదైతే చదవడానికేం? నోరు నొప్పెట్టిందా?"

అతను తల గోక్కున్నాడు. పైవాళ్ళు రాయమంటారు, తనదేమీ లేదు అన్నాడు. పైవాళ్ళు! నేను కనిపెట్టిన పైవాళ్ళు నిజంగానే ఉన్నారు. అమ్మ పట్టు వదల్లేదు. "రెండు చదువులూ కలవలేదు నాయనా. కలవకపోతే మా ఇంట్లో సంతకం ఉండదు. నీ తప్పు కాదు, వాళ్ళకే చెప్పు." అతను బయటికి వెళ్ళి ఫోన్ చేసి, వచ్చి, ఆ లైను కొట్టేసి, పక్కన తన సంతకం పెట్టాడు. బాబాయ్ మొదటి నుంచి మళ్ళీ చదివాడు. ఆలోపు దుప్పట్లు ఉతకడం కూడా అయిపోయింది.

"ఇప్పుడు పెట్టు" అంది అమ్మ నాతో.

తోక లేకుండా పెట్టాను.

జూలై 22

అమ్మకు చెప్పేశాను. దుప్పట్లు తీగ మీద వేస్తూ చెప్పాను, దుప్పటికి అటువైపు నుంచి. మొదటి కాగితం చదవకుండా సంతకం పెట్టానని. ఆరో తారీఖు నుంచీ తెలిసీ దాచానని. నా మూలంగానే వేలు వంగకుండా అయిందని.

దుప్పటి పక్కకు జరిపి చూశాను. అమ్మ క్లిప్పు పెడుతోంది, ఎడమ చేత్తో.

"రెండో తారీఖునే తెలుసులే" అంది.

"ఎలా?"

"నువ్వు స్నానానికి పోయినప్పుడు ఆ కాగితం మీ బాబాయ్ దగ్గరికి తీసుకెళ్ళాను. చదివాడు."

తొమ్మిదేళ్ళప్పుడూ ఇంతే. బళ్ళో నేనెవరి జడో కత్తిరించానని టీచరు ఉత్తరం రాస్తే, "మీ అమ్మాయి క్లాసులో ఫస్టు" అని చదివి వినిపించాను. అమ్మ నా బుగ్గ మీద ముద్దు పెట్టి, ఆ ఉత్తరం పట్టుకుని కింద దర్జీ బాబాయ్ దగ్గరికి వెళ్ళింది. మర్నాడు నన్ను తీసుకుని ఆ పిల్ల ఇంటికి వెళ్ళి క్షమాపణ చెప్పించింది. అప్పటి నుంచే మా ఇంట్లో రెండో చదువు. అది కాగితం రాసేవాళ్ళ మీద అనుమానంతో పెట్టుకున్న పద్ధతి అని ఇన్నేళ్ళూ అనుకుంటూ వచ్చాను. అందరికీ అలాగే చెప్పుకున్నాను కూడా.

"మరి చెప్పలేదేం? ఇన్ని రోజులు చేత్తో పిండావు" అన్నాను. ఏడుపొచ్చేసింది.

"నువ్వే చెబుతావనుకున్నా. ఆ తర్వాత ఫోన్లో రోజూ ఇంగ్లీషు మాట్లాడుతుంటే, పనవుతుందేమోలే అనుకున్నా. బాగా మాట్లాడావు. మధ్యలో నేనొచ్చి చెడగొట్టడమెందుకని." క్లిప్పు పెట్టి వేలు మెల్లగా వంచి చూసుకుంది. కొద్దిగా వంగింది. "నా తప్పూ ఉంది. డాక్టరు చెప్పేదాకా నేనూ మొండికేశాను. చెల్లుకు చెల్లు, ఊరుకో."

లోపల్నుంచి నానమ్మ, "నాకూ తెలుసే! అంతా వినబడుతుంది ఇక్కడికి!" అంది.

అంటే ఇంట్లో ఈ రహస్యం తెలియనిది మెషిన్‌కి ఒక్కదానికే.

జూలై 24

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అమ్మ మెషిన్ ముందు పీట వేసుకుని కూర్చుని ఉంది. దుప్పట్లు గుండ్రంగా తిరుగుతున్నాయి. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది, ఎవరిదో బిడ్డను కాసేపు చూసుకోమని ఇచ్చినట్టు.

"వదిలేసి రావచ్చు అమ్మా, అదే ఆగుతుంది."

"ఏమో. ఒకసారి నడిచిన మనిషి" అంది.

జూలై 25

నాలుగు బోల్టులూ ఆఫీసుకు తెచ్చాను. కాగితాలు ఎగరకుండా బరువు పెట్టుకుంటున్నాను. పెన్సిల్ ఇంట్లో వదిలేసి వచ్చాను.

టిక్కు లేకపోతే జనం ఎక్కడ సంతకం పెట్టాలో వెతుకుతారు. వెతికేటప్పుడు ఒకటి రెండు లైన్లు కళ్ళబడతాయి. కళ్ళబడితే అడుగుతారు. అడిగితే నేను చదివి చెప్పాలి. కళ్ళజోడు లేనివాళ్ళకు మొత్తం చదివాను. ఒకావిడకు చదివి వినిపించి, "వెనక నిలబడ్డాయనతో కూడా ఒకసారి చదివించుకోండి, ఆయన వినలేదు" అన్నాను. ఆయన చదివాడు. రెండూ కలిశాయి. ఆవిడ వెళుతూ వెళుతూ బయట నిలబడి కాగితాన్ని ఇంకోసారి చూసుకుంది.

రోజూ అరవై మంది. ఈరోజు పంతొమ్మిది. లైను మెట్లు దిగి వీధిలోకి వెళ్ళింది.

సాయంత్రం సూపరింటెండెంట్ గారు పిలిచి మెమో చేతిలో పెట్టారు. అందినట్టు సంతకం పెట్టమన్నారు. అలవాటుకొద్దీ అడుగున ఆయనే పెన్సిల్‌తో టిక్కు పెట్టారు. ఆ కిటుకు ఆయనకు నేర్పింది నేనే.

నిలబడి మొత్తం చదివాను. విధి నిర్వహణలో అలసత్వం అని ఉంది. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట.

"చదివావుగా, పెట్టవమ్మా" అన్నారు.

"చదివాను సార్. ఇంకొకరు కూడా చదవాలి. మా ఇంటి కింద దర్జీ ఉన్నారు. రేపు పొద్దున్న తెస్తాను."